శుక్రవారాల ఇంజన్

ఇంజన్ మా యార్డుకు వచ్చింది శుక్రవారం పొద్దున. పికప్ వెనకాల పాత టైరు మీద కూర్చోబెట్టి తెచ్చారు. తెచ్చినవాడు దాన్ని సిమెంటు గచ్చు మీద దించి, టైరు కూడా తీసుకుని వెళ్ళిపోయాడు. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. నూనె, ఇసుక కలిసి అంగుళం మందాన జిడ్డు పట్టి ఉంది. వైర్లు తీయడానికి బద్ధకమై కత్తితో కోసి పారేశారు. పైమూత ఓ మూల విరిగిపోయింది. "నీ మొహం మండా, ఇదేం అవతారం" అని పైకే అన్నాను. వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు.

సౌదీలోని హఫర్ అల్ బాతిన్ ఊరి బయట ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ యార్డు అది. జనరేటర్లు, నీళ్ళ పంపులు, కంప్రెసర్లు బాగుచేయడం నా పని. పగలు లారీలు వచ్చిపోతుంటాయి. సాయంత్రమయ్యేసరికి అందరూ ఊళ్ళోని క్యాంపుకు వెళ్ళిపోతారు. యార్డులోనే మూలనున్న పోర్టా క్యాబిన్‌లో నేనొక్కణ్ణే ఉంటాను. అంతకుముందు జగిత్యాల వైపు మనిషి ఒకడు నాతో ఉండేవాడు. గురక పెడతాడని రోజూ తిట్టుకునేవాణ్ణి. వాడు ఎగ్జిట్ కొట్టించుకుని, అంటే వీసా ముగించుకుని, ఇంటికి పోయాక ఆ గురక కోసం చెవులు కాచుకుని పడుకున్న రోజులున్నాయి. వాడి మంచం మీద ఇప్పుడు నా స్పానర్లు పడుకుంటున్నాయి.

ఈ ఇంజన్ ఎక్కాల్సిన కారు నాది. పదిహేనేళ్ళ నాటి జపాన్ బండి. పాత ఇంజన్‌ను చంపింది కూడా నేనే. ఆగస్టు ఎండలో రేడియేటర్ పైపు పగిలి నీళ్ళన్నీ పోయాయి. సూది ఎర్రగీత దాటడం కళ్ళారా చూశాను. పది కిలోమీటర్లే కదా, యార్డుకు చేరిపోతాంలే అని తొక్కాను. గేటు ముందుకొచ్చి కీచుమని అరిచి ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు. వేరేవాడెవడైనా ఆ పని చేసి ఉంటే వాడి ఏడు తరాలను కడిగేసేవాణ్ణి. చేసింది నేను కాబట్టి నోరు మూసుకుని రెండు రోజులు అన్నం మానేశాను.

మామూలుగా అయితే ఆ బండిని అలాగే వదిలేసేవాణ్ణేమో. కానీ ఆ వారమే అక్క ఫోన్ చేసింది. "అబ్బోడా, నాకు ఎగ్జిట్ ఏస్తారంట. ఇంగ నెలో, నెలన్నరో. టికెట్టు ఇంగా తీల్యా."

అక్క నాకు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. రియాద్ వెళ్ళే దారిలో, హైవే నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు మీద, ఒక సౌదీ కుటుంబం ఉండే తోట ఇల్లు. ఖర్జూరపు చెట్లు, గొర్రెలు, పెద్ద ప్రహరీ. అక్కడ ఇంటిపని చేస్తోంది. వచ్చి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. ఒకే దేశంలో ఉన్నాం, ఒకే ఎండకు ఎండుతున్నాం, ముఖాలు మాత్రం ఫోన్లోనే.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆమెను రమ్మన్నది నేనే. రాయచోటి దగ్గర మా ఊళ్ళో కూలికి పోతూ, ఇంటికి స్లాబ్ పడితే చాలనుకుంటూ బతుకుతున్న మనిషిని పట్టుకుని, "నేనుండాను కదక్కా, ప్రతి శుక్రవారం వచ్చి చూసిపోతా, నీకేం బయం" అన్నాను. ఆ మాట నమ్మి విమానం ఎక్కింది. మొదటి ఏడాది నాకు బండి లేదు. రెండో ఏడు బండి కొన్నాను, ఫోటో కూడా పంపించాను, ఎక్కించుకుని తిప్పుతానని గొప్పలు పోయాను. అయినా ప్రతి శుక్రవారం ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఓవర్‌టైమ్ అనో, ఒంట్లో బాగాలేదనో చెప్పేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. ఫోన్లో ఒకసారి చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది. ఆ చేతివేళ్ళు సబ్బునీళ్ళకు పగిలి ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులను ఎదురుగా చూడాలంటే నాకు భయమేసింది. అంత పిరికివాణ్ణి నేను.

కాబట్టి ఆమె వెళ్ళిపోయేలోపు ఒక్కసారి, నా బండిలో నేను వెళ్ళి, ఎదురుగా నిలబడి ముఖం చూపించాలి. ఆమె కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, ఒప్పుకున్నాడట కూడా. ఏ శుక్రవారమైనా పొద్దు వాలాక చేసే అసర్ నమాజు తర్వాత తమ్ముణ్ణి రమ్మను అన్నాడట. ఇక మిగిలింది ఇంజన్.

తష్లీహ్‌లో దొరికింది అది. పాత బండ్లను కోసి ముక్కలు ముక్కలుగా అమ్మే బజారును ఇక్కడ తష్లీహ్ అంటారు. వెనక నుంచి లారీ గుద్దిన బండిలోంచి తీశామని, ఇంజన్‌కు దెబ్బ తగల్లేదని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. "మియ్యా మియ్యా" అన్నాడు, అంటే నూటికి నూరు పాళ్ళు అని. ఆ బజారులో తుప్పుపట్టిన తలుపును కూడా మియ్యా మియ్యా అనే అమ్ముతారు. నేను వాడి మాట వినకుండా క్రాంక్ బోల్టుకు పొడుగు రాడ్డు తగిలించి చేత్తో తిప్పి చూశాను. బరువుగానే అయినా ఎక్కడా పట్టకుండా తిరిగింది. నూనె పోసే మూత తీసి లోపల వేలు పెట్టి చూశాను. తెల్లటి నురగ లేదు, నూనెలో నీళ్ళు కలవలేదన్నమాట. సరే అనుకుని తెచ్చుకున్నాను.

మొదటి శుక్రవారం పొద్దున పూటంతా కడగడంతోనే సరిపోయింది. గాలి, ఇంధనం పోయే రంధ్రాలన్నిటికీ గుడ్డలు కుక్కి, డీజిల్ పోసి, బ్రష్షుతో రుద్దాను. జిడ్డు కింద అసలు లోహం తెల్లగా బయటపడింది. తర్వాత గాలి పరీక్ష. ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలోంచి సిలిండర్లోకి కంప్రెసర్ గాలి ఎక్కించాలి. గాలి లోపల నిలబడితే ఆ సిలిండర్ మంచిది. ఎక్కడైనా కారిపోతే చెవికి తెలుస్తుంది. ఒకటి నిలబడింది. రెండు నిలబడింది. మూడోది పొగ బయటికి పోయే దారిలోంచి బుస్సుమని వదిలేసింది. నాలుగు మళ్ళీ బాగుంది.

మధ్యాహ్నం అక్క ఫోన్. శుక్రవారాల్లో ఇంట్లోవాళ్ళంతా చుట్టాలింటికి పోయినప్పుడు ఒక పావుగంట ఆమెకు మాట్లాడే వీలు దొరికేది.

"ఏమ్రా, ఎట్లుండాది నీ ఇంజను?"

"మూడో సిలిండరు గాలి వదిలేస్తాందక్కా. వాల్వు సరిగా కూచోలే."

"కూచోకపోతే కూచోబెట్టు. చిన్నప్పుడు నిన్ను బడిలో కూచోబెట్టల్యా? రెండు తగిలిస్తే కూచుంటాది."

"తగిలిస్తే ఇరిగిపోతాది, మా తల్లీ."

"అయితే బతిమాలుకో. నాకేమన్నా తెల్సా?" అని నవ్వింది. ఆ పావుగంటలో పది నిమిషాలు ఇంజన్ గురించే అడిగింది. నీ ఆరోగ్యం ఎట్లుంది, నువ్వు ఎప్పుడొస్తావు అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న వేస్తే నేను తడబడతానని ఆమెకు తెలుసు.

అదే రోజు సాయంత్రం మా క్రేన్ ఆపరేటర్ వచ్చాడు. పెషావర్ మనిషి, గడ్డం అంతా తెల్లబడింది, నన్ను బేటా అని పిలుస్తాడు. ప్లగ్గులు ఊడదీసి పెట్టిన ఇంజన్‌ను, నన్ను చూసి, "యే తో మహీనే కా కామ్ హై. మేరీ గాడీ లే జా, బహెన్ సే మిల్ కే ఆ" అన్నాడు. ఇది నెల పని, నా పికప్ తీసుకుని వెళ్ళి నీ అక్కను చూసి రా అని. తాళాలు కూడా తీసి చేతికివ్వబోయాడు.

నేను వద్దన్నాను. నా బండిలోనే వెళ్తానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తాళాలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. అడుక్కున్న బండిలో వెళ్ళి అక్క ముందు దిగడం నాకు నామోషీ అనిపించింది. నాలుగేళ్ళు మొహం చూపించని వాడికి ఆ పట్టుదల ఒకటి.

రెండో శుక్రవారం హెడ్డు విప్పాను. పైభాగం మొత్తం ఊడి చేతికొచ్చింది. మూడో సిలిండర్ దగ్గర వాల్వు అంచున నల్లటి మసి గట్టిగా పేరుకుని, మూసుకోవాల్సిన చోట సందు వదిలింది. ఒకటి చెడిందని ఒక్కటే సరిచేయడం నాకు రాదు. పదహారు వాల్వులూ తీశాను. కర్రకు చివర రబ్బరు గిన్నె ఉంటుంది, అది వాల్వుకు అంటుకుంటుంది. వాల్వు అంచుకు గరుకు పేస్టు రాసి, ఆ కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి, కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాలి. లోహం లోహాన్ని అరగదీసుకుని ఒకదానికొకటి అతుక్కునేలా తయారవుతాయి. ఒక్కోదానికి పావుగంట. నాలుగోదానికే అరచేతులు బొబ్బలెక్కాయి. జగిత్యాలవాడు ఉంటే సగం వాడు తిప్పేవాడు, తిప్పుతూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవాడు. ఎవరూ లేక నేనే వాల్వులతో మాట్లాడాను. ఇది పెద్దమ్మ, ఇది చిన్నాయన, ఇది మొండిది, దీనికి మా మేనత్త బుద్ధి అని పేర్లు పెట్టుకుంటూ తిప్పాను. పిచ్చి పట్టిందనుకోకండి. రోజుకు పది మాటలకు మించి తెలుగు మాట్లాడని మనిషి ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి కదా.

ఆ మధ్యాహ్నం అక్క అడిగింది, "మూడోది మాట ఇనిందా?"

"ఇనిందక్కా. పెట్రోలు పోసి సూసినా, చుక్క కార్ల్యా."

"మంచిది. దాన్ని తిట్టొద్దు ఇంగ." తర్వాత అంది, "ఈడ మొన్న అమ్మాయి పెండ్లి సూపులంట. డెబ్బయి మందికి గావా కాచినా. గావా కాచీ కాచీ నా చేతులు ఏలక్కాయ వాసనే వస్తాండాయి."

గావా అంటే ఇక్కడి కాఫీ, పచ్చగా, పల్చగా, యాలకులు వేసి కాచేది. ఆ ఇంట్లో రోజుకు నాలుగుసార్లు అక్కే కాచేది.

మూడో శుక్రవారం దుమ్ము. పొద్దున్నే ఆకాశం ఇటుకరంగులోకి మారి, పది గంటలకల్లా యార్డు గేటు కూడా కనిపించకుండా పోయింది. తెరిచి ఉన్న ఇంజన్ మీద నా దుప్పటి కప్పాను, దాని మీద టార్పాలిన్ కప్పాను, అంచులకు రాళ్ళు పెట్టాను. ఒక్క ఇసుకరేణువు సిలిండర్లో పడినా అన్నాళ్ళ పని వృథా. క్యాబిన్లో కూర్చుంటే టార్పాలిన్ ఎక్కడ లేచిపోతుందోనని మనసు ఆగలేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని వెళ్ళి దాని పక్కనే కూర్చున్నాను. సిగ్నల్ లేదు, అక్క ఫోన్ రాలేదు. సాయంత్రం దాకా దుప్పటి కప్పిన ఇంజన్, నేను. జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టే ఉంది. ఒంటరితనం అంటే ఏమిటో చాలామంది చెప్పగా విన్నాను గానీ, ఆ రోజు మాత్రం నా గొంతు నాకు వినపడాలని ఒకటి నుంచి నూరు దాకా అంకెలు చదివాను.

ఆ మర్నాడు పెషావర్ పెద్దాయన మళ్ళీ తాళాలు తీశాడు. "జిద్ మత్ కర్" అన్నాడు, మొండిపట్టు వద్దని. నేను మళ్ళీ వద్దన్నాను. ఇంకో వారంలో అయిపోతుందన్నాను.

నాలుగో శుక్రవారం హెడ్డు తిరిగి ఎక్కించాను. కొత్త గాస్కెట్ పరిచి, బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, ఒక్కోటీ కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించాను. తొందరపడి ఒక్కసారే బిగిస్తే హెడ్డు వంకరపోతుంది. ముందు సీలు, వెనక సీలు, నీళ్ళ పంపు, కింద నూనె తొట్టి గాస్కెట్, అన్నీ కొత్తవి వేశాను. టైమింగ్ చైన్ గుర్తులు కలిశాయా లేదా అని ఆరుసార్లు చూశాను. మళ్ళీ గాలి ఎక్కించాను. నాలుగు సిలిండర్లూ నిలబడ్డాయి. మూడోదాని దగ్గర చెవి ఆనించి చాలాసేపు విన్నాను. నిశ్శబ్దం. నాకు ఎంత సంతోషం వేసిందంటే, లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఖాళీ యార్డులో ఆ చప్పట్లు విని కుక్క ఒకటి మొరిగింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అక్క గొంతు మామూలుగా లేదు.

"టికెట్టు తీసినారబ్బోడా. ఇంగా రెండు మూడు వారాలుంటాది అనుకున్యా. కాదంట. ఎల్లుండి ఆదివారం ఇడిస్తే ఆ మీది ఆదివారమే, తెల్లారుజామున, రియాద్ నుంచి. ముందుదినం శనివారం మధ్యాహ్నమే తీస్కపోతారంట."

అంటే నాకు మిగిలింది ఒక్క శుక్రవారం.

"వస్తా. వచ్చే శుక్రవారం వస్తా. ఒట్టు" అన్నాను.

"ఒట్టొద్దులే" అంది మెల్లగా. "ఇంజను ఎక్కించుకో ముందు."

ఆ వారం రోజూ డ్యూటీ దిగగానే, వెలుతురు ఉన్నంతసేపూ పనిచేశాను. పెద్దాయన బరువులెత్తే చైన్ బ్లాక్ తెచ్చి, ఒక్క మాట కూడా ఎత్తిపొడవకుండా నాతో పాటు నిలబడి ఇంజన్‌ను బండిలోకి దించాడు. గేర్‌బాక్స్‌కు జత కుదరక ఒక సాయంత్రమంతా తల ప్రాణం తోకకొచ్చింది. గురువారం పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకు ముందు తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది. కాసేపు నీలం పొగ వచ్చి తగ్గింది. తర్వాత ఒక్క తీరుగా ఆడింది. పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని విని, "మాషా అల్లాహ్" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను.

శుక్రవారం పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. కొత్తగా ఎక్కించిన ఇంజన్ కదా, ఎక్కువ తొక్కలేదు. అక్క పంపిన లొకేషన్ పట్టుకుని, మధ్యలో రెండుచోట్ల ఆపి నూనె, నీళ్ళు చూసుకుంటూ, అసర్ నమాజు అయ్యే వేళకు ఆ ప్రహరీ ముందు ఆపాను. గేటు దగ్గరికి కఫీలే వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, పాదాల దాకా జారే తెల్లటి తోబ్ వేసుకుని ఉన్నాడు, మర్యాదగా చెయ్యి కలిపాడు.

"ఇకామా" అన్నాడు, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు. ఇచ్చాను. ప్రయాణం కోసం తీసి పెట్టుకున్న అక్క పాస్‌పోర్టు ఆయన చేతిలోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముఖం మారింది.

"నీ కుటుంబం పేరు వేరు, ఆమె కుటుంబం పేరు వేరు" అన్నాడు అరబీలో.

పెళ్ళయ్యాక అక్క ఇంటిపేరు మారిందని చెప్పాను. ఆయనకు అది మింగుడుపడలేదు. వాళ్ళలో ఆడపిల్ల ఎవరిని చేసుకున్నా చచ్చేదాకా తండ్రి ఇంటిపేరుతోనే ఉంటుంది. పెళ్ళి చేసుకున్నంత మాత్రాన తండ్రి మారతాడా అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. తర్వాత వాళ్ళ పద్ధతిలో, "నీ తండ్రి పేరు? తాత పేరు?" అన్నాడు.

నాన్న పేరు చెప్పాను. తాత పేరు అడిగేసరికి, కాగితాల వ్యవహారం కదా అని పొలం పట్టా పుస్తకంలో ఉన్న పేరు చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళాడు. అయిదు నిమిషాలకు వచ్చాడు.

"తండ్రి సరిపోయాడు. తాత సరిపోలేదు."

అక్క ఏం చెప్పి ఉంటుందో నాకు అప్పుడు తట్టింది. మా తాతను ఊళ్ళో ఎవరూ పట్టా పేరుతో పిలవలేదు. చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరే ఆయన పోయేదాకా పేరు. బడికి నాలుగేళ్ళే పోయిన అక్కకు ఆ పట్టా పేరు తెలిసే అవకాశమే లేదు. పాపం, ఉన్న పేరే చెప్పింది. నేను లేని గొప్పకు పోయి కాగితం పేరు చెప్పాను.

ఆ ముక్క నిదానంగా చెప్పి ఉంటే సరిపోయేది. నాకు ఒళ్ళు మండింది. మూడు వందల కిలోమీటర్లు, అయిదు వారాలు, చేతుల నిండా బొబ్బలు, అన్నీ కలిసి నెత్తికెక్కాయి. "మా తాతకు రెండు పేర్లుంటే నీకేంటి? అక్కను చూడనీవా?" అని గొంతు పెంచాను. వచ్చిన అరబీ సగం, రాని అరబీ సగం. ఆయన చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. ఆ ముఖం గట్టిపడిపోయింది.

"ఆమె విమానం ఎక్కేదాకా నా దగ్గర అమానత్" అన్నాడు. అమానత్ అంటే నమ్మి అప్పగించింది, కాపాడి తిరిగి ఇవ్వాల్సింది. "పేర్లు కలవని మగవాడి ముందుకు నేను పంపలేను. నీ చెల్లెలైనా ఇంకో ఇంట్లో ఉంటే నువ్వు ఇదే కోరుకుంటావు." అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే నన్ను ఇంకా కాల్చింది.

అయితే గుమ్మం ముందుకొచ్చిన మనిషిని గావా ఇవ్వకుండా పంపడం వాళ్ళకు తప్పు. గేటు పక్కనే మగవాళ్ళు కూర్చునే గది ఉంది. అక్కడ కూర్చోబెట్టి, ఖర్జూరాల పళ్ళెం నా ముందు పెట్టి, లోపలికి వెళ్ళి ఫ్లాస్కు తెచ్చాడు. చిన్న గిన్నెలాంటి కప్పులో కొంచెం పోసి ఇచ్చాడు.

తాగాను. వేడిగా ఉంది, యాలకుల వాసన గుప్పుమంది. అప్పుడు తెలిసింది, ఇది అక్క కాచింది. ఈ గోడకు అవతల, ఇప్పుడే, నేను వచ్చానని తెలిసి కాచింది.

కప్పు ముందుకు చాచాను. ఆయన పోశాడు. మళ్ళీ చాచాను. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, చాలనుకుంటే కప్పును రెండు వేళ్ళతో అటూ ఇటూ ఊపాలి. ఊపనంతవరకూ పోస్తూనే ఉంటారు. మూడు కప్పులకు మర్యాదస్తుడెవడైనా ఊపుతాడు. నేను ఊపలేదు. ఏడో, ఎనిమిదో కప్పుకు ఫ్లాస్కు ఖాళీ అయింది. ఆయన నన్ను ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి ఇంకో ఫ్లాస్కు తెచ్చాడు. అది మొదటిదానికంటే వేడిగా ఉంది. అంటే అక్క మళ్ళీ కాచింది. ఆయన పోయడం, నేను తాగడం. నోరు కాలినా తాగాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఆ ఫ్లాస్కు కూడా అయిపోయాక, మూడోది అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. కప్పు ఊపి కింద పెట్టాను. సలాం చెప్పి బయటికొచ్చి బండి ఎక్కాను.

హైవే ఎక్కగానే ఫోన్ స్విచాఫ్ చేసి పక్కసీటు మీద పడేశాను. దారి తెలుసు, ఇక లొకేషన్ అక్కర్లేదు. ఎవరి మాటా వినాలని లేదు, అక్కతో మాట్లాడితే ఏం చెప్పాలో కూడా తెలియలేదు. పైగా కొత్త ఇంజన్ మొదటి పెద్ద ప్రయాణంలో చెవులు దాని మీదే ఉండాలి. చిన్న టకటక వినిపించినా వెంటనే పట్టుకోవాలి. అద్దాలు ఎత్తి, ఏసీ, రేడియో కూడా ఆపేసి, చెమటలు కారుతుంటే ఇంజన్‌నే వింటూ వచ్చాను. ఒక్క అపశ్రుతి లేదు. ఆ సంగతి ఆలోచిస్తూ ఉంటే మిగతావి ఆలోచించక్కర్లేదు. యార్డుకు చేరి, ఫోన్ ముట్టుకోకుండా, చొక్కా కూడా విప్పకుండా పడి నిద్రపోయాను.

శనివారం పొద్దున డ్యూటీకి వెళ్తూ ఫోన్ ఆన్ చేశాను. ఆన్ చేసిన నిమిషానికే అక్క కాల్.

"యాడికి పోయినావురా? రాత్రి నుంచి చేస్తాండా."

"స్విచాఫ్ చేసినా అక్కా. ఇంజను సౌండ్ ఇనాలని."

అక్క అప్పుడు చెప్పింది. నేను వెళ్ళిన కొంతసేపటికి కఫీల్ ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాడట. "బయటివాడైతే మూడు కప్పులు తాగి పోయేవాడు. వాడు రెండు ఫ్లాస్కులు తాగి ఏడ్చాడు. వాడు నీ తమ్ముడే. పిలువు, లోపల కూర్చోబెడదాం" అన్నాడట. అక్క తన ఫోన్ నుంచి, ఆయన తన ఫోన్ నుంచి చేస్తూనే ఉన్నారట. ఆయన తన బండి తీసి హైవే దాకా వచ్చి చూసి, నేను కనిపించక వెనక్కి పోయాడట.

"గేటు తెరిచే పెట్టినారు. రాత్రి ఇషా నమాజు అయ్యేదాకా మెట్టు మీద కూచున్యా. నీ బండి ఎట్లుంటాదో ఫోటోలో సూసినా కదా, ప్రతి లైటూ నీదే అనుకున్యా."

నేను యార్డు మధ్యలో నిలబడిపోయాను. అవతల ఎవరో ఆమెను పిలిచారు. సామాను బండిలో పెట్టమంటున్నారు.

"పోవల్ల, పిలుస్తాండారు" అంది. మళ్ళీ మామూలుగా అడిగింది. "ఏమ్రా, ఇంజను బాగ పోయిందా మరి?"

"బాగ పోయిందక్కా" అన్నాను. "యాడా నిల్చల్యా."